లాగ్ టేబుల్ నుంచి లైబ్రరీ దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ కమిటీ వాళ్లు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, "నువ్వు చేసే పనేందో అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పు" అన్నారు. నేను గణాంకశాస్త్రం చదివి హైదరాబాదులో మందుల పరీక్షల లెక్కలు చూసే పనిలో ఉన్నాను. నా పనిముట్టు పేరు స్టాటిస్టికల్ లైబ్రరీ. లైబ్రరీ అనగానే పుస్తకాల బీరువాలు గుర్తుకొస్తాయి. ఇది ఆ లైబ్రరీ కాదు. దీని గురించే ఈ రోజు చెబుతాను. చివరలో మన బడికి, మన సంఘానికి ఒక కోరిక కూడా వినిపిస్తాను.

మా కాలం వాళ్లందరికీ లాగ్ టేబుల్స్ పుస్తకం యాదికి ఉంటుంది. ఇంటర్మీడియట్‌లో క్లార్క్ టేబుల్స్ లేనిదే ఫిజిక్స్ ప్రాక్టికల్‌కు పోయేది లేదు. 2.37కు లాగరిథమ్ ఎంతో మనం కట్టలేదు. ఎవరో ఎప్పుడో కూర్చొని కట్టి అచ్చు వేస్తే, మనం వరుస చూసి, నిలువు చూసి, తేడా కలుపుకొని వాడుకున్నాం. గణాంకశాస్త్రం చదివినవాళ్లకు ఫిషర్, యేట్స్ కలిసి 1938లో వేసిన పట్టికల పుస్తకం అట్లాంటిదే. ఒకరు చేసిన కష్టం వేలమందికి పనికొచ్చేలా దాచిపెట్టడమే పట్టిక.

ప్రోగ్రామింగ్ లైబ్రరీ కూడా ఆ పుస్తకం లాంటిదే. కాకపోతే ఇందులో జవాబులకు బదులు జవాబు కట్టే పద్ధతి రాసి ఉంటుంది. సంఖ్య ఇస్తే లాగరిథమ్ ఇస్తుంది, మార్కుల జాబితా ఇస్తే సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం ఇస్తుంది. ఒక్కో పద్ధతిని ఫంక్షన్ అంటారు. అట్లాంటి ఫంక్షన్లు వందలు ఒకచోట చేర్చి, పరీక్షించి, పేర్లు పెట్టి ఉంచితే అది లైబ్రరీ.

వీటిని తయారుచేసినవాళ్లలో ఎక్కువమంది మన సార్ల లాంటివాళ్లే. ఈ రోజు ప్రపంచమంతా వాడే 'ఆర్' అనే గణాంక భాషను 1990ల మొదట్లో న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అనే ఇద్దరు అధ్యాపకులు మొదలుపెట్టారు. వాళ్ల విద్యార్థుల ల్యాబ్‌కు పనికొచ్చే సాధనం కావాలన్నదే వాళ్ల అవసరం. 1995లో దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, లోపల ఏముందో చూసి మార్చుకునేలా విడుదల చేశారు. పైథాన్ భాషలో పనిచేసే సైపై అనే లైబ్రరీ 2001లో వచ్చింది. ట్రావిస్ ఒలిఫాంట్, ఎరిక్ జోన్స్, పియరు పీటర్సన్ తలా కొంత రాసుకున్నది కలిపి ఒకటి చేశారు. దానికి పునాదిలా ఉండే నంపై 2006లో మొదటి పూర్తి రూపానికి వచ్చింది. వీటిలో దేనికీ లైసెన్సు ఫీజు లేదు. ఆక్లాండ్‌లో కూర్చున్న ప్రొఫెసరు వాడే ఫంక్షన్ దేవరకొండలో కూర్చున్న పిల్లవాడూ వాడవచ్చు.

ఇక లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కలు. ఇది లెక్కల సార్లకు నచ్చుతుందని నా ఆశ.

కంప్యూటర్‌కు అన్ని లెక్కలూ వచ్చని మనం అనుకుంటాం. అసలు దానికి బాగా వచ్చినవి కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు. మామూలుగా ఒక సంఖ్యలో 16 అంకెల దాకే గుర్తుంచుకుంటుంది. ఆ తర్వాతవి వదిలేస్తుంది. చాలాసార్లు దీంతో ఇబ్బంది లేదు. కొన్నిసార్లు చాలా ఇబ్బంది.

మన ధర్మకాంటానే తీసుకోండి. వడ్ల లారీని కాంటా మీద తూచారు. దాంట్లోంచి ఒక పసుపు పొట్లం తీసి మళ్లీ తూచారు. రెండుసార్లూ ఒకే బరువు చూపిస్తుంది. తేడా సున్నా. అంటే పసుపుకు బరువు లేదనా? లారీ కాంటా అంత చిన్న బరువును చూడలేదు, అంతే. పసుపు బరువు కావాలంటే కంసాలి త్రాసు తేవాలి.

గణాంకశాస్త్రంలో ఇది రోజూ ఎదురవుతుంది. గంట ఆకారపు వక్రంలో చాలా దూరాన ఉన్న తోకలో సంభావ్యత ఎంత అని అడుగుతాం. 1లోంచి మిగతా భాగం తీసేస్తే వస్తుంది కదా అని అట్లా చేస్తే, సగటుకు 10 ప్రామాణిక విచలనాల దూరంలో కంప్యూటర్ సున్నా అని చెబుతుంది. నిజమైన జవాబు సున్నా కాదు, దశాంశ బిందువు తర్వాత 23 సున్నలు పెట్టి 76 రాస్తే వచ్చేంత చిన్న సంఖ్య. అందుకే సైపైలో తోక భాగాన్ని నేరుగా లెక్కగట్టే ఫంక్షన్ విడిగా ఉంది. దాని పేరు 'ఎస్ఎఫ్'. అది కంసాలి త్రాసు. పుస్తకంలో రెండు సూత్రాలూ సమానమే. యంత్రం మీద సమానం కావు. ఈ తేడా తెలిసినవాళ్లు ఓపికతో రాసిపెట్టారు కనుక మనం ధైర్యంగా వాడుతున్నాం.

ఇంకొకటి. ఇది రేపే తొమ్మిదో తరగతిలో చేయించవచ్చు. 1, 2, 3, 4, 5 ఈ అయిదు సంఖ్యల విస్తృతి ఎంత? సగటు 3. తేడాల వర్గాలు 4, 1, 0, 1, 4. మొత్తం 10. నంపైని అడిగితే 2 అంటుంది. ఆర్‌ను అడిగితే 2.5 అంటుంది. రెండూ పేరున్న లైబ్రరీలే, రెండూ తప్పు చెప్పలేదు. నంపై మామూలుగా 10ని 5తో భాగిస్తుంది, ఆర్ 4తో భాగిస్తుంది.

ఆ అయిదుగురే మన లోకమైతే 5తో భాగించాలి. ఊరంతటిలోంచి అయిదుగురిని తీసుకొని ఊరి సంగతి తెలుసుకోవాలంటే 4తో భాగించాలి. ఎందుకంటే తేడాలను ఊరి అసలు సగటు నుంచి కొలవడం లేదు, ఆ అయిదుగురి సగటు నుంచే కొలుస్తున్నాం. అందువల్ల తేడాలు కొంచెం తక్కువగా వస్తాయి. 4తో భాగించి ఆ తక్కువను సరిచేస్తాం. కొద్దిపాటి నమూనాలతో లెక్క కట్టేటప్పుడు ఎంత జాగ్రత్త పడాలో డబ్లిన్‌లోని గిన్నిస్ కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో ఒక వ్యాసంలో చూపించాడు. తన పేరుతో అచ్చు వేసుకునే వీలు లేక 'స్టూడెంట్' అనే పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు ప్రతి లైబ్రరీలోనూ ఉండే 'స్టూడెంట్ టీ పరీక్ష' అదే. గణాంకశాస్త్రంలో అంత పేరున్న పరీక్షకు ఒక 'విద్యార్థి' పేరు ఉండటం బడి ఉత్సవంలో చెప్పుకోదగ్గ మాటే.

సారాంశం ఏమిటంటే, మన అయిదుగురే లోకమా, ఊరికి నమూనానా అన్నది లైబ్రరీకి తెలియదు. అది మనకే తెలియాలి.

ఇప్పుడు మన నేల దగ్గరికి వస్తాను.

నల్లగొండ పేరు ప్రపంచంలో నీటిశుద్ధి పుస్తకాల్లో ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, మనం నీరి అంటాం, 1970లలో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక చవక పద్ధతిని రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేరనిచ్చి, వడగట్టడం ఆ పద్ధతి. దాని పేరే 'నల్లగొండ టెక్నిక్'. పేరు వచ్చినందుకు గర్వపడాలో, ఆ పేరు రావడానికి కారణమైన గార పళ్లకూ వంగిపోయిన కాళ్లకూ బాధపడాలో తెలియదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఈ సభలో ఉన్నారు. వాళ్లకు నేను వివరించేదేమీ లేదు.

ఆ పద్ధతిలో నాకు ఆసక్తి కలిగించింది ఒక పట్టిక. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్న రెండూ చూసుకొని పటిక ఎంత వేయాలో చెప్పే పట్టిక. ఒకవైపు ఫ్లోరైడ్, ఇంకోవైపు క్షారత, రెండూ కలిసిన గడిలో పటిక మోతాదు. అచ్చం లాగ్ టేబులే. ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే రెండు విలువలు తీసుకొని ఒక విలువ ఇచ్చే ఫంక్షన్. కాని ఆ ఫంక్షన్‌లోకి ఏ అంకె వేస్తామన్నదే అసలు ప్రశ్న.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలే, ఏ ఊరివీ కావు. ఒక ఊళ్లో అయిదు బోర్లు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 0.6, 0.8, 0.9, 1.1, 4.1 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీటి వసతి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5.

లైబ్రరీలో 'మీన్' ఫంక్షన్‌కు ఈ అయిదు అంకెలు ఇవ్వండి. మొత్తం 7.5, సగటు 1.5. కాగితం మీద ఊరు హద్దు దాటలేదు. 'మీడియన్' అడగండి. మధ్యగతం 0.9. ఊరు ఇంకా బాగుంది. రెండు జవాబులూ లెక్క ప్రకారం సరైనవే. కాని అయిదో బోరు నీళ్లు తాగే పిల్లవాడి ఒంట్లోకి పోయేది 1.5 కాదు, 4.1. పటిక పట్టికలో 1.5 వేసి మోతాదు తీస్తే ఆ బోరుకు అది చాలదు.

ఇంకో మెట్టు. ఆ ఊళ్లో 200 ఇళ్లు ఉన్నాయనుకోండి. మంచి నీళ్లున్న నాలుగు బోర్లూ సన్నగా పోస్తాయి, ఒక్కో బోరు మీద 25 ఇళ్లు. అయిదో బోరు నిండుగా పోస్తుంది, దాని మీద 100 ఇళ్లు. ఇప్పుడు ఇంటి లెక్కన సగటు కడితే దాదాపు 2.5 వస్తుంది. నంపైలో దీనికి 'యావరేజ్' అనే ఫంక్షన్ ఉంది, దానికి అంకెలతో పాటు భారాలు కూడా ఇవ్వవచ్చు. ఇక్కడ భారాలంటే ఇళ్ల సంఖ్య. 1.5కూ 2.5కూ నడుమ తేడా కంప్యూటర్‌లో లేదు. ఏ బోరు దగ్గర ఎన్ని బిందెలు వరుసలో ఉంటాయో తెలిసిన మనిషిలో ఉంది.

మరొకటి, ఇది ఇంకా ప్రమాదం. ఎండాకాలంలో ఆ అయిదో బోరు కొలత తీయలేదనుకోండి. తాళం వేసి ఉంది, లేదా మోటారు కాలింది. గడి ఖాళీ. ఎవరో ఖాళీ ఎందుకని సున్నా కొట్టారు. సగటు ఎంత? 3.4ను 5తో భాగిస్తే 0.68. ఊరి నీళ్లు అమృతం! లైబ్రరీలు రాసినవాళ్లు ఈ ప్రమాదం ముందే చూశారు. ఖాళీకి సున్నా కాని ఒక ప్రత్యేక గుర్తు పెట్టారు, దాన్ని 'నాన్' అంటారు, సంఖ్య కాదు అని అర్థం. జాబితాలో ఒక్క నాన్ ఉన్నా నంపై 'మీన్' సగటు చెప్పదు, నాన్ అనే చెబుతుంది. ఖాళీలు వదిలేసి చెప్పమని మనమే కావాలని అడిగితే 'నాన్‌మీన్' చెబుతుంది. నాకు తెలియదు అని చెప్పగలగడం మంచి లక్షణం. మనుషులకూ, ఫంక్షన్లకూ.

ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి, సంతోషం. కాని పైపు పగిలిన రోజున, నీళ్లు రాని వారంలో మళ్లీ బోరే దిక్కు. కాబట్టి ఆ బోర్ల అంకెలు పాతబడలేదు.

ఇటు పాలమూరు సంగతి. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. 1975లో వాళ్లు దక్కన్‌లో ఆరు ఊళ్లు ఎంచుకొని ఇంటింటి లెక్కలు రాయడం మొదలుపెట్టారు. అందులో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావే. ఒకటి మాడ్గుల దగ్గరి అవురుపల్లి, ఇంకొకటి దేవరకద్ర దగ్గరి డోకూర్. జిల్లాల విభజన తర్వాత అవురుపల్లి రంగారెడ్డి జిల్లాలోకి పోయింది. ఒక్కో ఊళ్లో 40 కుటుంబాలు, 30 సేద్యం చేసేవి, 10 భూమి లేని కూలీలవి. లెక్కలు రాసేవాళ్లు ఆ ఊళ్లోనే ఉండి, కొన్ని వారాలకు ఒకసారి అవే ఇళ్లకు పోయి ఏం పండింది, ఏం అమ్మారు, కూలి ఎంత వచ్చింది, ఏం తిన్నారు అని ఏళ్ల తరబడి రాశారు.

ఆ లెక్కలు ప్రపంచమంతా తిరిగాయి. రాబర్ట్ టౌన్సెండ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1994లో రాసిన పేరున్న వ్యాసానికి ఆధారం అవురుపల్లి, మహారాష్ట్రలోని ఇంకో రెండు ఊళ్లు. ఒక ఇంటికి పంట పోయిన ఏడు ఆ ఇంటి తిండి ఎంత తగ్గుతుంది అన్నది ఆయన ప్రశ్న. ఇంటి ఆదాయం ఎగుడుదిగుడైనంతగా తిండి ఎగుడుదిగుడు కాలేదనీ, ఊరి సగటుతో పాటు ఎక్కువగా నడిచిందనీ తేలింది. అప్పులు, చేబదుళ్లు, ఒకరికొకరు ఆసరా. పూర్తిగా కాకపోయినా చాలావరకు ఊరు మనిషిని మోస్తుందని లెక్క చెప్పింది. మన అవ్వలకు ఇది తెలిసిందే. కాని ఎంత మోస్తుంది, ఎవరిని తక్కువ మోస్తుంది అన్నది లెక్క కడితేనే తెలుస్తుంది.

ఈ రోజు ఆ లెక్కను ఆర్‌లో నాలుగు వరుసల్లో చేయవచ్చు. ఆ నాలుగు వరుసలు నేర్చుకోవడానికి వారం చాలు. ఎండలో నడిచి 40 ఇళ్లు తిరిగి, అబద్ధం లేకుండా రాసిన ఆ పుస్తకాలు లేకపోతే మాత్రం ఆ నాలుగు వరుసలకు పని లేదు.

ఒక తెలుగు పేరు చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. ఆర్‌లో రెండు నమూనాలను పోల్చేటప్పుడు ఏ పరీక్ష కావాలో పేరు రాయాలి. అక్కడ రాయదగ్గ పేర్లలో ఒకటి 'రావు'. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, ప్రపంచానికి సి.ఆర్.రావు. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల్లో బడికి పోయి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా చేరారు. 1945లో, పాతికేళ్లు నిండే నాటికి, క్రామర్-రావు అవధి ఉన్న వ్యాసం రాశారు. 1948లో ఇచ్చిన పరీక్షనే ఇప్పుడు రావు పేరుతో పిలుస్తున్నాం. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకొని అదే ఏడు ఆగస్టులో వెళ్లిపోయారు. ప్రపంచంలో ఎక్కడో ఒక విద్యార్థి ప్రతిరోజూ ఆ పేరు టైపు చేస్తూనే ఉంటాడు.

ఇక నా కోరిక. పదో తరగతి లెక్కల పుస్తకంలో సాంఖ్యకశాస్త్రం పాఠం ఉంది. సగటు, మధ్యగతం, బాహుళకం, ఓజివ్ వక్రం అన్నీ ఉన్నాయి. పిల్లలు పరీక్ష కోసం చేస్తారు, పరీక్ష అయినాక మరిచిపోతారు. ఆ పాఠాన్ని మన ఊరి అంకెలతో చెప్పిద్దాం.

దానికి మూడు పనులు. ఒకటి, బడిలోని కంప్యూటర్లలో ఆర్ కాని పైథాన్ కాని వేయిద్దాం. కొనేది లేదు, పాత కంప్యూటర్ల మీదా నడుస్తాయి. ఏడాదికి నాలుగు ఆదివారాలు నేను వచ్చి కూర్చుంటాను. ఇదే పనిలో ఉన్న మనవాళ్లు ఈ సభలో ఇంకొందరు కనబడుతున్నారు, వాళ్లనూ అడుగుతున్నాను. రెండు, ప్రతి పదో తరగతి బ్యాచ్ తమ ఊళ్ల బోర్ల జాబితా ఒకటి రాయాలి. ఏ బోరు, ఎన్ని ఇళ్లు, ఎండాకాలం పోస్తుందా లేదా. ఫ్లోరైడ్ పరీక్ష కిట్ల ఖర్చు సంఘం పెట్టుకోవాలి. ఎక్కువ చూపిన నీళ్లను గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ప్రయోగశాలకు పంపి ఖాయం చేసుకోవాలి. మూడు, ఆ జాబితాను ప్రతి ఏడూ దాచాలి. పదేళ్లు పోతే మన బడి దగ్గర ఉండే లెక్క ఏ ఆఫీసు దగ్గరా ఉండదు.

లెక్కల సార్లకు ఒక విన్నపం. పిల్లవాడు ఫంక్షన్ మీద వేలు పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడిగించండి. ఈ అంకె ఎవరు కొలిచారు? ఖాళీ ఉన్నచోట ఏం చేశారు? ఈ సగటులో కనబడకుండా పోయింది ఎవరు? జవాబు కట్టే పని యంత్రం ఎట్లాగూ చేస్తుంది, మనకంటే బాగా చేస్తుంది. ఈ మూడు ప్రశ్నలు మాత్రం అది అడగదు. వాటిని అడగగల పిల్లలు ఈ బడి నుంచి బయటికి వస్తే, వాళ్లు హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా, ఇక్కడే చెలక దున్నుకుంటూ ఉన్నా, వాళ్లను లెక్కతో మోసం చేయడం ఎవరి తరమూ కాదు.